దండం పెట్టుకున్న కాగితం

మా అక్క షెడ్డులో, వేరుశెనగ బుడ్డలు వలిచే మిషన్‌కు ఎదురుగా, ఒక కాగితం పటం కట్టి ఉండేది. నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమబొట్టు. మిషన్ దిగిన రోజు కంపెనీ ఇంజినీరు దాన్ని నడిపి చూసి, ఇంగ్లీషులో ఏదో రాసి సంతకం చేసి ఇచ్చిన కాగితమది. కొత్త వస్తువుతో వచ్చిన మొదటి కాగితాన్ని పూజలో పెట్టడం మా ఇంటి అలవాటు. అక్కకు తెలుగు తప్ప చదవడం రాదు. "సెట్టింగు కొంచెం చేసేది ఉండాదమ్మా, మళ్లీ వస్తా" అని నోటితో చెప్పి పోయిన ఇంజినీరు మళ్లీ రాలేదు.

ఆ ఏడు కణేకల్ వైపు మెట్టపొలాల రైతులు విత్తనానికని అక్క దగ్గరే బుడ్డలు ఆడించుకున్నారు. వాన పడింది, విత్తారు, మొలవలేదు. మా నేలలో ఒక వాన పదును తప్పితే మరొకటి వస్తుందన్న నమ్మకం లేదు. "ఆయమ్మ చెయ్యి మంచిది కాదప్పా" అన్నారు. తప్పు తన చేతిది కాదని, మిషన్‌దని కోర్టు నోట చెప్పించాలన్నదే అక్క పట్టు. దుడ్ల మాట ఆమె ఎత్తేదే కాదు.

నేను విత్తన పరీక్షా కేంద్రంలో పనిచేస్తాను. చూడకుండా ఏ మాటా నమ్మను. అక్క మాటనూ నమ్మలేదు. మిగిలిన పప్పును తెప్పించి, చేత్తో వలిచిన పప్పు పక్కన మొలకకు పెట్టాను. చేత్తో వలిచినది మొలిచింది. మిషన్ పప్పు చాలావరకు పైపొర కిందనే పగిలి ఉంది. నా పరీక్ష అంతవరకే చెప్పగలిగింది. ఆ పగులు మిషన్‌దా, నడిపిన మనిషిదా అన్నది చెప్పలేకపోయింది. నడిపిన మనిషిదే అని కంపెనీ వాదించింది.

వాణిజ్య వివాదాల కోర్టులో దావాతోపాటే మన దగ్గరున్న కాగితాలన్నీ దాఖలు చేయాలి. ఇవి తప్ప మరేవీ లేవని ప్రమాణం చేయాలి. అక్క పెట్టెలోని రసీదులన్నీ ఇచ్చి సంతకం చేసింది. గోడమీది పటం ఆమెకు కాగితంగా తోచలేదు.

దావా వేశాక వచ్చిన ఆయుధపూజకు నేను మొదటిసారి ఆ షెడ్డులో అడుగుపెట్టాను. పటానికి దండ వేయబోతూ అద్దం వెనక రాత చదివాను. పప్పు పగులుతోందనీ, సరిచేసేదాకా విత్తనానికి ఆడించరాదనీ ఉంది. కింద కంపెనీ ముద్ర.

వకీలు తల పట్టుకున్నాడు.

"దండం పెట్టుకున్నావు గానీ, ఎవరితోనైనా చదివించుకోకూడదా తల్లీ?"

"దేవుని పటం కింద ఏం రాసినారో మీరు చదువుతారా సార్?"

ఆయనకు నవ్వాగలేదు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆలస్యానికి సరైన కారణం చూపకపోతే తీసుకోరమ్మా. యాడో పడిపోయింది, ఇప్పుడు దొరికింది అని రాద్దాం."

"యాడికి పోయింది సార్? దినామూ దండం పెట్టుకుంటాండా! అబద్ధం చెప్పి గెలిస్తే, ఊర్లో ఏ మొగం పెట్టుకొని నిజమని చెప్పేది?"

ఉన్నది ఉన్నట్టే దరఖాస్తు రాయించాం.

వకీలు మాట సరో కాదో నేనే నిబంధన తెచ్చుకొని చూశాను. ఆయన చెప్పింది నిజమే. అక్కడ మొదటి ప్రశ్న కాగితం నిజమా అన్నది కాదు, ముందే ఎందుకు పెట్టలేదన్నది. వ్యాజ్యాలు ఏళ్లతరబడి సాగకూడదని, చివర్లో కొత్త కాగితం తీసి ఎదుటివారిని దెబ్బకొట్టకూడదని ఆ కట్టుబాటు. అందులో తర్కదోషం కోసం చాలా వెతికాను. దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేది.

విచారణకు గుత్తిలో రైలెక్కి పోయాం. ఎదుటి వకీలు గొంతు పెంచలేదు. "మరే కాగితమూ లేదని ప్రమాణం చేసిన రోజున కూడా ఇది ఆమె కళ్లెదుటే ఉంది" అన్నాడు. అది నిజం, మేమే రాసిచ్చాం. జడ్జి ఓపికగా విని, చూపిన కారణం చాలదని దరఖాస్తు తోసిపుచ్చారు. ఆ కాగితం లేకుండా నడిచిన దావా, రుజువు లేక తర్వాత వీగిపోయింది.

తిరుగు రైల్లో అక్క ఒక్కటే అడిగింది. "అది దొంగ కాగితమన్నారా?"

"లేదక్కా. ఎవరూ అనలేదు."

"అట్లయితే ఊరికి చూపిస్తా."

కాగితంలోని మాటలను నాచేత తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించింది. ఒక్కో మాటనూ అసలుతో సరిచూసి రాశాను. రెండింటినీ షెడ్డు తలుపుకు కట్టి, పక్కన నిలబడింది. మొదట వచ్చిన రైతు, ఆ ఏడు విత్తనం పోగొట్టుకున్నవాడే, వేలు పెట్టి నిదానంగా చదివాడు. అక్క అతని మొహమే చూస్తోంది.

"ఏమమ్మా," అన్నాడతను, "విత్తనానికి వద్దని వాళ్లు ముందే రాసిచ్చినారు కదా! నీ గోడమీదే పెట్టుకొని మాకు ఆడించినావా?"

నేను అడ్డుపడబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"అవునప్పా," అంది. "గోడమీదే ఉండింది."