వ్యాను లేదని చెప్పిన రోజు

మోసి మోసి విసిగిపోయాను. ఇన్నేళ్ళలో రెండు ఎన్నికలు వచ్చిపోయాయి, ఈ సంగతి మాత్రం ఇంట్లో కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. నా మీద జాలిపడకండి. నాకే ఒళ్ళు మండిపోతోంది.

నెల్లూరు తీరంలో ఒక ధర్మ ట్రస్టులో పనిచేసేవాణ్ణి. ఒడ్డు పల్లెల్లోని కంటి రోగులను మా వ్యానులో పట్నం ఆసుపత్రికి పంపడం నా పని. ఆ ఏడు మా ఛైర్మన్ గారి అల్లుడు ఎన్నికల్లో నిలబడ్డాడు. ట్రస్టు బండి పార్టీ పనికి వాడకూడదని నాకు తెలియదా? బాగా తెలుసు. అయినా ఛైర్మన్ గారు ప్రచారానికని అడగ్గానే తాళాలు చేతిలో పెట్టాను. వ్యాను మీది ట్రస్టు పేరు కనబడకుండా తెల్లకాగితం అంటించింది కూడా నేనే. ఛీ!

ఆ వారమే పోలమ్మక్క వచ్చింది. వలలు బాగుచేసి బతికే మనిషి. సూది తగిలి కంట్లో పుండు పడింది. వెంటనే పట్నం తీసుకుపోకపోతే చూపు దక్కదని డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. పల్లెకు బస్సు లేదు, ఆటోలన్నీ ప్రచారానికి పోయాయి.

"ఎలక్షన్ కోడ్ వచ్చిందక్కా. ఓట్లయ్యేదాకా ట్రస్టులు ఏం చేయకూడదంట. చట్టం," అన్నాను.

ఎక్కడుందండీ అలాంటి చట్టం? కోడ్ వద్దన్నది పార్టీ పనిని, రోగిని కాదు. పెద్దలు వేట వద్దని కట్టుబాటు చేస్తే ఒక్క పడవ కూడా కదలని పల్లె వాళ్ళది. చట్టమంటే ఎదురు అడగరని తెలుసు. తెలిసే అన్నాను.

"చట్టమైతే నువ్వేం చేస్తావు నాయనా. మా వల్ల మీకు మాట రాకూడదు. ఓర్చుకుంటాలే," అంది. వ్యాను కోసం వచ్చి గేటు దగ్గరున్న ఇద్దరు ముసలివాళ్ళకు కూడా తనే సర్దిచెప్పి, వెంట తీసుకుపోయింది.

ఓట్లయ్యాక వ్యాను పంపాను. అప్పటికే ఆ కన్ను పోయింది. ఆ అల్లుడూ ఓడిపోయాడు. ఎందుకొచ్చిన పాపం ఇదంతా?

ఛైర్మన్‌ను తిట్టుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను. కానీ ఆయన అడిగింది తాళాలే. అబద్ధం చెప్పమని ఆయన అనలేదు, అది నా సొంతం. పోలమ్మక్క ఇప్పటికీ నన్ను చూస్తే కూర్చోబెట్టి టీ ఇస్తుంది. తాగి వస్తాను, చూడండి, ఎంతటి వెధవనో!

రేపు వెళ్ళి ఇది ఆమెకు చదివి వినిపిస్తాను. క్షమించమని అడగను, ఆ హక్కు నాకు లేదు. అలాంటి చట్టం ఏదీ లేదక్కా. నేనే నిన్ను పంపలేదు.

రాశాక కాస్త ఊపిరాడింది. అంతకు మించి నాకేమీ దక్కకూడదు.