నీలం అద్దం, అత్తమ్మ గునియా

మొన్న కిష్టారెడ్డిపేటలో మా పక్క ఫ్లాటు ఆవిడ స్నానాల గదికి అద్దం అడ్డు పెట్టించుకుంది. చూసి పొమ్మని నన్ను పిలిచింది. బిగించడానికి వచ్చినతను ఎర్రటి చుక్క పడే యంత్రంతో కొలతలు తీసుకొని, ఎక్కడో కోయించి తెచ్చిన అద్దమట. తీరా నిలబెడితే పైన గోడకు అంటుకుంది గానీ, కిందికి వచ్చేసరికి నా బొటనవేలు దూరేంత సందు మిగిలింది. ఆవిడ ముఖం చిన్నబోయింది. అతను మాత్రం ఏమీ జంకకుండా, "అద్దం కరెక్టే ఉంది మేడం, మీ గోడనే తప్పుంది" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆవిడ ఏమనుకుంటుందోనని దగ్గు వచ్చినట్టు నటించి మా ఇంట్లోకి వచ్చేశాను. ముప్పై ఏళ్ల కిందట, సంగారెడ్డిలో ఒక పాత ఇంటి గుమ్మం దగ్గర, దాదాపు ఇదే మాటను నేను మా అత్తమ్మతో అన్నాను.

అప్పుడు మాకు పటాన్‌చెరులో పెద్ద రోడ్డు పక్క సందులో అద్దాల దుకాణం ఉండేది. బోర్డు మీద మామయ్య పేరు. ఆయన కాజీపల్లిలో మందుల కంపెనీకి షిఫ్టులకు పోయేవాడు కాబట్టి దుకాణంలో ఆయన చేసే పనల్లా బోర్డు మీద ఉండటమే. ఎవరైనా వచ్చి "సేట్ లేడా?" అని అడిగితే, అత్తమ్మ తల ఎత్తకుండానే "ఉన్నడు, బోర్డు మీద. ఏం గావాలె చెప్పు" అనేది. మనిషి పొట్టి. బల్ల అందక కింద ఇటుకలు పేర్చి, వాటి మీద పలక వేసుకొని నిలబడేది. కొంగు నడుముకు దోపి, చెవి వెనక పెన్సిల్ పెట్టుకొని, బల్ల మీద పరిచిన పాత దుప్పటి మీద అద్దాన్ని పడుకోబెట్టేది. నిజంగా పడుకోబెట్టడమే, పసిపిల్లను పక్క మీద వేసినట్టు. అద్దం కోసే కలాన్ని కిరసనాయిలులో ముంచి ఒక్కసారి లాగితే కొత్త గుడ్డ చింపినట్టు సన్నటి చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు మధ్యలో తెగకూడదు. తెగిందంటే అద్దం అక్కడి నుంచి తన ఇష్టం వచ్చిన దారిన పగులుతుంది. గీసిన గీత మీద రెండోసారి గీయడం ఆమె దృష్టిలో తప్పు కాదు, పాపం. ఆమె చీరలన్నిటికీ ఉతికినా పోని కిరసనాయిలు వాసన ఉండేది. పెళ్లైన కొత్తలో ఆ వాసనకు నాకు తల తిరిగేది. తర్వాత ఎప్పుడో, ఆమె ఊరికి పోయి రెండు రోజులు ఇంట్లో లేనప్పుడు, అదే వాసన కోసం వెతుక్కున్నాను.

దుకాణంలో ఆమె ఎవరినీ ముట్టుకోనివ్వని వస్తువు ఒకటే, తిరిగే గునియా. వడ్రంగులు మూలలు సరిచూసుకునే మామూలు గునియాకు ఒక్క మూలే తెలుసు, నిటారు మూల. ఇది అలా కాదు. ఇత్తడి అంచుల టేకు పిడి, దానికి నడుమ చీలిక ఉన్న ఇనుప రేకు, రెండూ కలిసే చోట చెవుల నట్టు. నట్టు వదులు చేస్తే రేకు ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, బిగిస్తే ఆ మూల అలాగే నిలిచిపోతుంది. అంకెలు ఉండవు, గీతలు ఉండవు. అత్తమ్మ తండ్రి వెలిమెలలో వడ్రంగి. పెళ్లినాడు "ఏం గావాలె బిడ్డా" అని ఆయన అడిగితే ఈమె ఈ గునియా అడిగిందట. పెళ్లికూతురు ఇత్తడి బిందె అడుగుతుంది గానీ ఇదేం కోరికని చుట్టాలంతా నవ్వారట. ఆ గునియాతోనే ఆమె మెట్ల పక్క వాలు కిటికీలకూ, గోడ మూలల్లో ఇమిడే షోకేసులకూ అద్దాలు కోసేది. వంకర ఉన్న చోట గునియాను ఆనించి, నట్టు బిగించి, ఆ వంకరను అలాగే బల్ల దగ్గరికి మోసుకొచ్చేది.

నేనేమో లెక్కల్లో బీఎస్సీ. అత్తారింటికి వచ్చేటప్పుడు ట్రంకు పెట్టెలో చీరల మధ్య కంపాస్ పెట్టె కూడా పెట్టుకొని వచ్చినదాన్ని. ఇంట్లో తోచక దుకాణానికి పోవడం మొదలుపెట్టి, అద్దాలు తుడవడం నుంచి తిన్నటి గీత గీయడం దాకా ఆరు నెలల్లో నేర్చుకున్నాను. నేర్చుకున్నాక ఊరుకోవచ్చు కదా! "అత్తమ్మా, మూలను డిగ్రీలల్ల కొలిస్తే ఇంక మంచిగుంటది గదా" అని రోజూ సతాయించేదాన్ని. ఆమె నవ్వి, "డిగ్రీ చదివినవ్, నీ తాన డిగ్రీలుంటయ్. నా తాన ఏడికెళ్లొస్తయ్" అనేది. నేను దాన్ని ఒప్పుకోలు అనుకున్నాను.

అలా ఉండగా సంగారెడ్డి నుంచి ఒక కబురు వచ్చింది. అక్కడ ఒక పెద్దావిడ, నేను ఖాలా అని, అత్తమ్మ ఆపా అని పిలిచేవాళ్లం, భర్త పోయాక పాత ఇంట్లో ఒక్కతే ఉండేది. వాళ్ల గుమ్మం పైన విచ్చుకున్న విసనకర్రలా చెక్క చట్రం, అందులో ఏడు రంగుటద్దాలు. పై అంచు గుండ్రంగా కనిపించేది ముందున్న నగిషీ వల్లే, దాని వెనక ముక్కలన్నీ తిన్నటి అంచులవే. కోతులు ఎగబడి నడిమి నీలం ముక్కను పగలగొట్టాయి. పొద్దున పూట ఆ అద్దంలోంచి పడే నీలం వెలుగులో కూర్చొనే ఆమె భర్త పేపరు చదివేవాడట. ముక్క పోయిన చోట అట్ట అడ్డం పెట్టారు. అట్ట పెట్టినప్పటి నుంచి ఆ గదిలోకి పొద్దున పోబుద్ధి కావడం లేదని ఆమె అంది. అలాంటి నీలం ఇప్పుడు ఎక్కడా దొరకదు. అయితే ఆయన ముందుచూపుతో ఒక పలకను పాత షేర్వానీలో చుట్టి ఇనప్పెట్టెలో దాచి పోయాడు. అందులోంచి రెండు ముక్కలు వస్తాయి, మూడోది రాదు.

నేను చట్రాన్ని కింది నుంచే చూసి వెంటనే లెక్క కట్టేశాను. సగం వృత్తం, ఏడు సమాన భాగాలు, ఒక్కోదానికి ఇరవై ఐదు డిగ్రీల చిల్లర, కాబట్టి పై మూలలు డెబ్బై ఏడు. అప్పటికి అత్తమ్మ నిచ్చెన మీద సగం ఎక్కి ఉంది, చేతిలో గునియా. "నిచ్చెన ఎందుకు అత్తమ్మా, లెక్క అయిపోయింది" అన్నాను. ఆమె దిగి, కలం నా చేతికిచ్చి, "సరే, కొయ్యి" అంది.

కోశాను. గీత తిన్నగా వచ్చింది, అంచు సూదిలా తెగింది. గర్వంగా తీసుకుపోయి చట్రంలో పెడితే కుడి పక్క చెక్కకు అంటుకుంది. ఎడమ పక్క ఆకాశం కనిపించింది. అటు తిప్పాను, ఇటు తిప్పాను. "లెక్క కరెక్టే ఉంది అత్తమ్మా, ఈ చెక్కనే తప్పుంది" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"చెక్క తప్పు గాదు బిడ్డా" అంది ఆమె మెల్లగా. "ఇల్లు జెర ఒరిగింది, దాంతోని ఇది గూడ ఒరిగింది. అయినా గిన్నేండ్ల సంది నిలవడే ఉన్నది. మనమే దాన్ని అడగలే."

సరిగ్గా అప్పుడే ఖాలా చాయ్ కప్పులతో వచ్చింది. చట్రంలో సందును చూసింది, నా చేతిలో ముక్కను చూసింది, ఆమె అడుగు అక్కడే ఆగిపోయింది. నేను నోరు తెరిచేలోపు అత్తమ్మ, "నా చెయ్యి తప్పింది ఆపా, మాఫ్ చెయ్యి" అంది. జీవితంలో నాకు అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు. ఖాలా బల్ల మీద తెరిచి ఉన్న నా కంపాస్ పెట్టెను, నా ముఖాన్ని చూసి, మొదటి చాయ్ నాకే ఇచ్చి, "పీ బేటీ, ఫికర్ చెయ్యకు. ఇంకోటి ఉంది గదా" అంది.

చాయ్ తాగాక అత్తమ్మ కోస్తుందనుకొని కలం ఆమె ముందు పెట్టాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు. ఎవరినీ ముట్టుకోనివ్వని గునియాను నా చేతిలో పెట్టి, "ఎక్కు" అంది. వద్దన్నాను. ఆఖరి ముక్క అన్నాను. "ఇయ్యాల కొయ్యకుంటే నువ్విగ ఎన్నడు కొయ్యవు. ఎక్కు" అంది.

నిచ్చెన ఎక్కాను. పిడిని పై చెక్కకు ఆనించి, రేకును ఎడమ పక్క చెక్కకు తాకేదాకా తిప్పి, నట్టు బిగించాను. అప్పుడు తెలిసింది, నా డెబ్బై ఏడు డిగ్రీలకు, ఆ చెక్క ఉన్న తీరుకు ఎంత తేడా ఉందో. కిందికి దిగి, పలక అంచుకు పిడిని ఆనించాను. ఆ పాత అద్దానికి ఒక ముఖం నున్నగా, ఒకటి గరుకుగా ఉంటుంది. గీత నున్నటి ముఖం మీదే గీయాలి. కలాన్ని ఆనించబోతుంటే అత్తమ్మ ఒకే ఒక్క మాట అడిగింది.

"మూల తీసుకునేటప్పుడు నువ్వు ఇంట్ల నిలవడ్డవా, బయట నిలవడ్డవా?"

నా చేయి ఆగిపోయింది. నిచ్చెన ఉన్నది ఇంటి లోపల. నున్నటి ముఖం ఉండాల్సింది బయటికి. ఆ ముఖాన్ని పైకి పెట్టి గీస్తున్నాను కాబట్టి ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ. గునియాను అలాగే పెట్టి గీసి ఉంటే ఆ రెండో ముక్క కూడా పోయేది. గునియాను తిరగేసి, అవతలి అంచు దగ్గర పెట్టాను. ఆమె తల ఊపలేదు, వద్దనీ అనలేదు, కిటికీలోంచి వీధిలోకి చూస్తూ నిలబడింది. కలం లాగాను. ఆ చప్పుడు ఎక్కడా తెగలేదు. మళ్లీ నిచ్చెన ఎక్కి కుడి మూల తెచ్చాను, పైకీ కిందికీ పేపరు ముక్కతో పొడవు తెచ్చాను, పుట్టీకి దారమంత చోటు వదిలాను. నాలుగో అంచు విరిచి, ముక్కను జాగ్రత్తగా పైకి తీసుకుపోయాను.

ముక్క చట్రంలోకి తన ఇంట్లోకి తాను పోయినట్టు పోయింది. అత్తమ్మ చుట్టూ వేలితో తడిమి చూసి, "ఆఁ" అంది. ఆమె దగ్గర అంతకు మించిన మెప్పు లేదు. పొద్దు ఇంకా గుమ్మం వైపే ఉంది. ఖాలా లోపలికి పోయి, నేల మీద పడిన నీలం వెలుగును చాలాసేపు చూసింది. తర్వాత ఒక మోడా తెచ్చి ఆ వెలుగులో వేసుకొని కూర్చుంది. మేము సామాను సర్దుకున్నా లేవలేదు. మాకు పోయొస్తామని చెప్పాలనిపించక చెప్పులు చేతిలో పట్టుకొని చప్పుడు కాకుండా బయటికి వచ్చాం.

పటాన్‌చెరు బస్సులో సీటు దొరికాక అడిగాను. "అబద్ధం ఎందుకు చెప్పినరు అత్తమ్మా? కోసింది నేను గదా."

"ఏం అబద్ధం?" అందామె, గునియాను ఒళ్లో పెట్టుకొని. "మూల సూడకుండ నీకు కలం ఇచ్చింది ఏ చెయ్యి?" అని, కిటికీకి తల ఆనించి ముత్తంగి రాకముందే నిద్రపోయింది.

ఆ తర్వాత పద్నాలుగేళ్లు ఇద్దరం ఒకే బల్ల దగ్గర పని చేశాం. రోడ్డు వెడల్పులో దుకాణం పోయింది, మామయ్య పోయాడు, చివరి ఆరేళ్లు ఆమె నా దగ్గరే ఉండి, ఎక్కువ బాధపడకుండా పోయింది. ఖాలా ఇంట్లో అద్దం కోసిన రోజుకు ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. నాకు అప్పుడు ఆమె ముసలావిడలాగే కనిపించేది. ఆ వయసు నేను దాటి ఐదేళ్లయింది. చేయి తప్పిన మనిషికే మళ్లీ కలం ఇచ్చే ఆ ఓపికను అందుకోవడానికి ఇంకా ఎన్నేళ్లు పడుతుందో మరి.