ఎక్కడికి... అదే, దూరమా?

దెయ్యాలనీ శకునాలనీ నేను నమ్మను. ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత చెప్పేదానికి విలువ ఉండదు. రోడ్లు డిజైన్ చేసే ఇంజనీరుగా నా సర్వీసు పాతికేళ్లు దాటింది. ఇప్పుడు ఒక టీముకి లీడర్ని. మా పనిలో దెయ్యాల కథలకి కొదవ లేదు. ఏ జిల్లాకి వెళ్లినా ఒక మలుపు ఉంటుంది, ఆ మలుపులో తెల్లచీర కట్టుకున్న ఒకావిడ ఉంటుంది, బళ్లు బోల్తా పడేది ఆవిడ వల్లేనంటారు. అలాంటి మలుపులు చాలానే చూశాను. ఏది చూసినా రోడ్డు వాలు ఉండాల్సిన వైపు కాకుండా అవతలి వైపు ఉండేది. లేదంటే ఎదురొచ్చే బండి కనిపించకుండా తుమ్మచెట్లు అడ్డంగా పెరిగి ఉండేవి.

ఒకచోట అలాంటి వాలు సరిచేయించాను. ప్రమాదాలు తగ్గాయి. అదే నెలలో ఊళ్లోవాళ్లు అక్కడ శాంతిపూజ కూడా చేయించారట, పేరంతా పూజారిగారికి పోయింది. పోతే పోయిందిలే అనుకున్నాను.

అలాంటి నాకు నిరుడు తిరువూరు దగ్గర, ఒక వాగు ఒడ్డున, పట్టపగలు జరిగిన సంగతి ఇది. వాగు పేరు చెప్పను, అక్కడ పని ఇంకా నడుస్తోంది. ఆ రోజు నన్ను నమ్మి వచ్చిన ఒక ఆడపిల్లని నేను వాగులోకి దింపబోయాను. దింపి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

దానికన్నా ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

మా అత్తగారికి పట్టింపులెక్కువ. బయల్దేరేవాళ్లని "ఎక్కడికి?" అని అడగకూడదనేది వాటిలో మొదటిది. మన ఇళ్లల్లో చాలాచోట్ల ఉన్నదే. అంతగా తెలుసుకోవాలనుంటే "దూరమా?" అనడగాలి. వెళ్లేది శ్రీకాకుళమైనా సరే, వాళ్లు "దగ్గరే" అని చెప్పాలి. పొరపాటున ఎవరైనా ఎక్కడికి అనేశారా, చెప్పులు విడిచి లోపలికొచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి.

మావారు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. ఆయనకీ ఇలాంటివాటి మీద నమ్మకం లేదు, కానీ వాడుకోవడం మాత్రం బాగా తెలుసు. నేను సైటుకి వెళ్తే వారాల తరబడి ఇంటి మొహం చూసేదాన్ని కాదు. బ్యాగు పట్టుకుని గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి "ఎక్కడికీ..." అని సాగదీసేవారు. వంటింట్లోంచి అత్తగారు ఉరిమి చూసేవారు. వెంటనే నాలిక్కరుచుకుని, "అదే... దూరమా?" అని దిద్దుకునేవారు. దిద్దుకుని ఏం లాభం, నోరు జారాక? అత్తగారు నన్ను కూర్చోబెట్టి నీళ్లిచ్చేవారు. ఈయన పక్కనే కుర్చీ లాక్కుని కూర్చునేవారు. కింద జీపువాడు హారన్ మీద హారన్ కొట్టేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

కావాలనే అంటున్నారని తెలుసుకోడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ కాసేపు నా పక్కన కూర్చోడానికే ఈ నాటకమంతా. తెలిశాక కూడా ఒళ్లు మండినట్టే ఉండేదాన్ని. లేకపోతే ఆయనకి సరదా పోతుందిగా.

ఆయన పోయి మూడేళ్లు దాటింది. గుండెపోటు. అత్తగారు గుంటూరులో మా మరిది దగ్గరికి వెళ్లిపోయారు. ఇప్పుడు ఇంట్లోంచి బయల్దేరడం మహా సులువు, తాళం వేసి మెట్లు దిగడమే. ఆ సులువే నేను భరించలేకపోయాను. అందుకే తిరువూరు పని రాగానే సరేనన్నాను. అక్కడే ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, ముందుగది ఆఫీసు చేసుకుని, వెనకగదిలో ఉండిపోయాను.

గంపలగూడెం వైపు వెళ్లే ఒక రోడ్డుని వెడల్పు చేయాలి. దారిలో వాగు మీద పాత చప్టా ఉంది. గట్టిగా వానపడితే నీళ్లు చప్టా మీంచే పారతాయి, ఆ పైన రాకపోకలుండవు. దాని బదులు ఎత్తుగా వంతెన కట్టాలి. ఎంత ఎత్తన్నది తేల్చాలంటే ఎవరో ఒకరు వాగులో దిగి అడుగు కొలవాలి, ఇదివరకటి వరద మరకలు గట్ల మీద ఎక్కడిదాకా ఉన్నాయో చూడాలి.

నాతో లావణ్య ఉంది. చదువు అయ్యాక అదే మొదటి ఉద్యోగం. ఉద్యోగంలో చేరిన రోజు వాళ్ల నాన్న తిరువూరు దాకా వచ్చి దిగబెట్టి, "మీ చేతుల్లో పెడుతున్నానమ్మా, మీ బిడ్డే అనుకోండి" అని వెళ్లాడు. ఇంకొకరు మా కారు డ్రైవర్ మస్తాన్. తిరువూరులోనే పుట్టి పెరిగినవాడు, మాటకారి. ఖాళీగా కూర్చోవడం చేతకాదు, కొలతలప్పుడు మాతోపాటే తిరుగుతాడు.

శ్రావణమాసం. నాలుగైదు రోజులుగా చినుకు లేదు. పొద్దున టిఫిన్లు కానిచ్చి వెళ్లేసరికే ఎండ చురుక్కుమంటోంది. వాగులో నీళ్లు అక్కడక్కడా పాదం తడిసేంత ఉన్నాయి, మిగతాదంతా ఇసుక. చప్టాకి ఎగువన ఒక పక్క పత్తిచేను, ఇంకో పక్క మామిడితోట. కాయలు ఎప్పుడో అయిపోయాయి కాబట్టి తోటలో మనుషుల్లేరు, గేటుకి తాళం వేసి ఉంది.

మస్తాన్ కారు ఒడ్డున ఆపి, కొలతకర్ర తీసుకెళ్లి వాగు మధ్యలో ఇసుకలో పాతి పైకొచ్చాడు. ఇక నేనూ లావణ్యా దిగి, ఆ కర్ర దగ్గర మొదలుపెట్టి ఎగువన వాగు మలుపు తిరిగేదాకా కొలుచుకుంటూ పోవాలి. గట్లు రెండు వైపులా నిటారుగా ఉన్నాయి. దిగడానికి చప్టా పక్కనున్న ఒక్క బాట తప్ప ఇంకో దారి లేదు.

"నీళ్లొస్తే ఎట్లా మేడం?" అంది లావణ్య.

"ఇంత ఎండలో నీళ్లెక్కణ్ణుంచి ఊడిపడతాయమ్మా? చప్టా మీంచి ఒక వీడియో తీసుకుని నా వెనకాలే వచ్చేయ్" అన్నాను. కాస్త విసుగ్గానే అన్నాను. ఆ అమ్మాయి ఫోన్ తీసింది.

నేను బాట దిగడం మొదలుపెట్టాను. ఒక కాలు రాయి మీద ఆనించి రెండోది కిందికి వేయబోతున్నాను.

"ఎక్కడికీ..."

వెనకనుంచి, కుడిచేతి వైపునుంచి. అరుపూ కాదు, గుసగుసా కాదు. ఇంట్లో పక్కగదిలో ఉన్న మనిషి మాట్లాడినట్టు వినిపించింది. ఒక్క క్షణం ఆగి, "అదే... దూరమా?" అంది ఆ గొంతు.

నాకు భయం వేయలేదు. ముందు వచ్చింది ఆ పాత చిరాకే. "అబ్బ, మళ్లీ మొదలెట్టారూ" అనుకున్నాను. అనుకున్న తర్వాత ఆయన లేరని గుర్తొచ్చింది. తిరిగి చూశాను. తోట కంచె ఉంది, కంచెకి అల్లుకున్న తీగ ఉంది. మనిషి లేడు.

మనసులో ఉన్నదే చెవికి వినిపించింది అనుకున్నాను. ఆయన పోయిన మొదటి ఏడాది ఇంట్లో దగ్గు వినిపించేది, చెప్పుల చప్పుడు వినిపించేది. సొంత మనిషిని పోగొట్టుకున్నవాళ్లందరికీ ఇది తెలిసే ఉంటుంది. ఇదీ అంతేలే అని మళ్లీ కాలు కిందికి వేయబోయాను. నా ఒక్కదానికే వినిపించి ఉంటే ఇది అక్కడితో ఆగిపోయేది, లావణ్య నా వెనకాలే దిగి ఉండేది.

పైనుంచి మస్తాన్ కేకేశాడు. "అడగనే అడిగారుగా మేడం, ఇంకెందుకు దిగుతారు? పైకొచ్చేయండి. కాసిని మంచినీళ్లు తాగి అప్పుడు దిగుదురుగాని. మా అమ్మయితే గడప కూడా దాటనివ్వదు."

అంటే మస్తాన్‌కీ వినిపించిందన్నమాట. పైకెక్కాను. లావణ్య కూడా బతికానన్నట్టు వచ్చి కారులో కూర్చుంది. మస్తాన్ నీళ్ల సీసా ఇచ్చాడు. తాగాను. మస్తాన్ వాళ్లమ్మ గురించి ఏదో చెబుతున్నాడు, నాకు ఒక్క ముక్క ఎక్కలేదు.

సీసా మూత ఇంకా నా చేతిలోనే ఉంది. ఎగువనుంచి చప్పుడు మొదలైంది, ఎవరో వడ్లబస్తాలు ఒకదాని వెంట ఒకటి కుమ్మరిస్తున్నట్టు. మస్తాన్ మాట ఆపేశాడు. వాగు మలుపులోంచి ఎర్రటి నీళ్లు వచ్చాయి, ముందు పుల్లలూ చెత్తా, వెనకాల గట్టు నుంచి గట్టుకి నిండుగా నీళ్లు. మేం పాతిన కర్ర ఒకసారి ఊగింది, వంగింది, మళ్లీ కనిపించలేదు. కాసేపటికి చప్టా మునిగిపోయింది. మస్తాన్ కారుని వెనక్కి తీశాడు. లావణ్య నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు, నేనూ విడిపించుకోలేదు.

నీళ్లెందుకొచ్చాయో నాకు తెలుసు. ఆ వాగు పుట్టేది ఎగువన ఖమ్మం వైపు, అక్కడ తెల్లవారుజామున కుండపోతగా కురిసిందట. మనకి ఎండ కాస్తుంటే పై ఊళ్లల్లో వాన పడొచ్చు. ఇందులో వింతేమీ లేదు, కనుక్కుని వెళ్లాల్సింది నేను.

వింతంతా తర్వాత బయటపడింది. తిరువూరు వచ్చి బస్టాండు దగ్గర టీ కొట్టు ముందు ఆగాం. "ఇందాక అడిగిందెవరు మస్తాన్?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"తోటలో ఎవరో పెద్దాయన్లే మేడం. మనిషి కనబళ్లా" అన్నాడు. అని నవ్వాడు. "మంచి మనిషిలా ఉన్నాడండీ. ఎక్కడికీ అన్నాడా, మళ్లీ నాలిక్కరుచుకుని, 'అదే... దూరమా' అని దిద్దుకున్నాడు. అన్నాక దిద్దుకుంటే మాత్రం ఏం లాభమండీ?"

ఆ సాగదీత, మధ్యలో ఆ ఆగడం, అచ్చం అలాగే అన్నాడు. టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. మా ఇంటి ముచ్చట తిరువూరులో నేనెవరికీ చెప్పలేదు. మావారిని మస్తాన్ ఎన్నడూ చూడలేదు. మా అత్తగారింటి గడప అవతల ఆ మాట తెలిసిన మనిషే లేడు.

లావణ్యకి ఏమీ వినపడలేదట. అప్పుడు తను వీడియో తీస్తోంది కదా, ఆ వీడియో చూశాను. అందులో కాకులు అరవడం వినిపిస్తుంది. నేను దిగుతూ ఆగిపోవడం కనిపిస్తుంది. కెమెరాకి ఒక పక్కన మస్తాన్ ఉన్నాడు. నేనూ మస్తానూ ఒకేసారి తోట వైపు తల తిప్పాం. కాసేపటికి "అడగనే అడిగారుగా మేడం" అని మస్తాన్ గొంతు స్పష్టంగా ఉంది. అడిగిన గొంతు మాత్రం లేదు.

మర్నాడు ఆ తోట రైతుని కలిశాను. కాయ దిగాక కాపలా కూడా తీసేశామనీ, తాళం తన దగ్గరే ఉందనీ చెప్పాడు. దారిన పోయేవాళ్లెవరైనా కంచె అవతల ఆగి అడిగి ఉండొచ్చు. ఎక్కడికి అని నోరు జారి దిద్దుకునేవాళ్లు లోకంలో ఇంకొకరు ఉండకూడదని లేదు. ఫోన్లు దూరపు గొంతుల్ని ఒక్కోసారి పట్టుకోవు. వీటిలో ఏదీ జరగదని నేననను. అన్నీ ఒకేసారి, అదే చోట, నేను కాలు కిందికి వేయబోయే ఆ క్షణంలోనే జరిగాయంటేనే మింగుడుపడదు.

విషయం తెలిసి లావణ్య వాళ్లమ్మ పరుగున వచ్చి, కూతుర్ని దగ్గర్లోనే ఉన్న నెమలి అనే ఊరికి తీసుకెళ్లి అక్కడి వేణుగోపాలస్వామికి కొబ్బరికాయ కొట్టించింది. నన్నూ రమ్మంది. వెళ్లాను. దణ్ణం ఎవరికి పెట్టాలో తెలీక ఊరికే నిలబడ్డాను.

ఆ సాయంత్రం గుంటూరుకి ఫోన్ చేశాను. వాగొచ్చిన సంగతి చెప్పి, దిగబోతుంటే ఎవరో ఎక్కడికి అని అడిగారనీ, అందుకని ఆగామనీ చెప్పాను. ఎవరి గొంతో చెప్పలేదు. పెద్దావిడని ఏడిపించడం ఎందుకని.

అత్తగారు అంతా విన్నారు. తర్వాత, "అని ఊరుకున్నాడా, దిద్దుకున్నాడా?" అనడిగారు.

"దిద్దుకున్నారత్తయ్యా" అన్నాను.

"వెధవకి ఇంకా బుద్ధి రాలా" అన్నారు. మా తోడికోడలు ఫోన్ తీసుకుని, "ఏమైందక్కా, అత్తయ్య ఎందుకు ఏడుస్తోంది?" అంది.

ఆ రోజు వాగు ఒడ్డున మాట్లాడింది ఎవరో నాకు తెలీదు. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను, తెగడం లేదు. దెయ్యాలున్నాయని ఈ రోజుకీ ఎవరితోనూ అనను. వంతెన డిజైన్ పూర్తయింది. మలుపుల్లో తెల్లచీరావిడ గురించి ఎవరైనా చెబితే ఇప్పుడూ ముందు రోడ్డు వాలే చూస్తాను.

ఒక్కటి మాత్రం మారింది. సైటుకి బయల్దేరే ముందు తాళం చేత్తో పట్టుకుని కుర్చీలో కాసేపు కూర్చుంటున్నాను. నీళ్లు తాగుతాను. ఎవరూ ఏమీ అడగరు. ఆ రోజు ఒడ్డున అడిగినప్పుడు నేను జవాబు చెప్పలేదు కదా. అందుకని తలుపు వేసేటప్పుడు, "దగ్గరేనండీ" అని చెప్పి వెళ్తున్నాను.