లూజు కాదు, ఫ్రీ

మెడలో టేపు లేనిదే ఆవిడకు ముద్ద దిగదు. అందుకే వీధంతా ఆవిడను టేపువదిన అంటుంది. ముందుగదిలో మెషీన్ వేసుకుని ప్యాంట్లు కుడుతుంది. ఆమె కుట్టిన ప్యాంటు గడప దాటాలంటే, తొడుక్కున్నవాడు గొంతుక్కూర్చుని నేల మీది గుండుసూది తీసివ్వాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, సూది తియ్యనిదే ప్యాంటు ఇవ్వదు.

ఈసారి కుట్టాల్సింది సొంత మరిదికి. మర్నాడు పొద్దున్నే చెప్పుల షాపులో సేల్స్‌మన్ పనికి పరీక్ష. కిందటి నెల ఇంకో షాపులో ఒకావిడకు చెప్పు తొడగబోయి వంగితే, రెడీమేడ్ ప్యాంటు వెనక పర్రుమంది. దాంతోపాటే పనీ పోయింది.

"లూజుగా కుట్టు వదినా. ఇద్దరు పట్టేంత లూజు."

"లూజు కాదురా, ఫ్రీగా కుడతా."

"రెండూ ఒకటేగా!"

ఆ మాటకు ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. "ఒకటెలా అవుతాయిరా? ఫ్రీ అంటే నువ్వు కూర్చుంటే అదీ కూర్చుంటుంది. లూజంటే నువ్వు లేచినా అది కూర్చునే ఉంటుంది!"

మరిది నమ్మలేదు. వీడికి మాటలతో పనికాదని ఎడమకాలు లూజుగా, కుడికాలు ఫ్రీగా ఒక పాతగుడ్డ ప్యాంటు కుట్టి, తొడుక్కుని తేడా చూసుకోమని కొక్కేనికి తగిలించింది. రెండుకాళ్ళూ ఫ్రీగా ఉన్న అసలు ప్యాంటు ఇస్త్రీ చేసి కుర్చీలో పెట్టింది.

పొద్దున హడావిడిలో మహానుభావుడు కొక్కేనికున్నది తొడుక్కుని పోయాడు. కుర్చీలో మిగిలిన ప్యాంటు చూశాక గానీ వదినకు సంగతి తెలియలేదు. ఈ పని కూడా పోతే? ఆ దిగులుతో మధ్యాహ్నం దాకా కుట్టిన ప్రతి కుట్టూ విప్పి మళ్ళీ కుట్టింది.

మధ్యాహ్నం మరిది వెలిగిపోతూ వచ్చాడు. ప్యాంటు ఎడమకాలి మీద ఇంతలావు బూటు ముద్ర.

"లూజే గెలిచింది వదినా! పని ఇచ్చారు!"

"ముందు ఆ ముద్ర సంగతి చెప్పు."

వీడు ఎడమ మోకాలి మీద కూర్చుని ఒక పెద్దాయనకు బూట్లు తొడిగాడు. ఆయన లేచి నిలబడింది నేల మీద కాదు, పరుచుకుపోయిన ప్యాంటు మీద. వీడు లేస్తే ప్యాంటు లేవదు, పరువు మిగలదు. ఆయన అటు ఊగి, ఇటు ఊగి, కొనాలా వద్దా అని పావుగంట ఆలోచించాడు. అంతసేపూ వీడు నవ్వు చెదరకుండా కిందే ఉన్నాడు. ఇంత ఓపికున్న కుర్రాణ్ణి ఇంతవరకూ చూడలేదన్నాడట ఓనరు.

వదిన నవ్వాపుకోలేక టేపు కొస నోట్లో కుక్కుకుంది. "అయితే కుడికాలు కూడా లూజు చెయ్యనా?"

మరిది మొహంలో వెలుగు సగానికి తగ్గింది. ఇక రోజూ ప్యాంటు మీద ఎంతమంది నిలబడతారో కళ్ళముందు కనబడినట్టుంది.

"వద్దొద్దు, ఫ్రీగానే ఉండనీ. కానీ వదినా... మరి ఓనరు మెచ్చిన ఓపిక?"

"అది కుట్టడం నాకు రాదు నాయనా," అంటూ ఇస్త్రీ ప్యాంటు వాడి చేతిలో పెట్టింది.