కాలు పాతిన చోటు

"తవ్వి తియ్యవే. వేళ్లు ముడుసుకపొయినయ్. సాపుగ పెట్టి మల్ల పాతు."

"లేని కాలికి వేళ్లెక్కడియి? నోరు మూసుకొని పండుకో."

"నా కాలు నాకు తెల్వదా? మడిమె కాడ తడి తాకుతుంది. నీళ్లల్ల ఉన్నదది."

"చేన్ల పెట్టిన అని చెప్పిన గద. ఎండిన చేన్ల నీళ్లెక్కడివి?"

"చేన్లనే ఉంటే గింత సల్లగెందుకుంటది?"

"జొరమొచ్చింది నీకు. అందుకే సల్లగుంటుంది."

"నీ కాలు కొట్టేస్తె తెలుస్తుండె!"

"నా కాలు పోతె ఈ ఇంట్ల పొయ్యి ఎవరు ముట్టిస్తుండె? మీ అక్కనా?"

పొద్దు వాలే వేళ మా ఆయనకూ నాకూ జరిగిన గొడవ అది. ఆయన నులక మంచం మీద ఉన్నాడు. ఎడమ కాలు మోకాలి కింద లేదు. కొట్టేసి ఇరవై రోజులు దాటింది. గడప దగ్గర ఆయన అక్క చేటలో బియ్యం పెట్టుకుని రాళ్లు ఏరుతోంది. మొగుడు పోయినప్పటి నుంచి ఆమె మా దగ్గరే ఉండేది. "నడుమ నన్నెందుకు గుంజుతరు?" అన్నది గాని తల ఎత్తలేదు. ఎత్తితే నా కళ్లలోకి చూడాలి. చేన్లో పెట్టిన అని నేను చెప్పింది అబద్ధమని మా ఇద్దరికే తెలుసు.

బోధన్ నుంచి వర్ని పోయే తొవ్వలో, కాలువ కింద మా ఊరు. చలికాలం వచ్చిందంటే చెరకు బండ్లు ఒకదాని వెనక ఒకటి ఫ్యాక్టరీ దారి పట్టేవి. ఆ ఏడు మా బండి కాలువ వంతెన దిగుతుంటే ఒక ఎద్దు మోకాళ్ల మీద పడింది. ఈయన ముందుకు దుమికి కాడి పట్టుకోబోయాడు. ఇనుప పట్టా వేసిన చక్రం ఆయన పిక్క మీదుగా పోయింది. నిజామాబాద్ పెద్ద దవాఖానలో డాక్టరు చూసి, కాలు తీస్తేనే మనిషి దక్కుతాడన్నాడు. ఈయన ఒక్కటే అడిగాడు.

"తీస్తె తియ్యున్రి. నా కాలు మాత్రం నా ఆడిదానికియ్యున్రి. చేన్ల పెడ్తది."

ఆ కాలు నాకు కొత్తది కాదు. బొటనవేలి గోరు పార తగిలి నడిమికి చీలింది, మళ్లీ అతుక్కోలేదు. మడమ పగుళ్లలో నల్లమన్ను ఎప్పుడూ ఉండేది. పెళ్లయిన కొత్తలో ఇటుక ముక్కతో రుద్ది రుద్ది చూశాను, పోలేదు. కొన్నాళ్లకు అది చేనో ఆయనో తెలియక ఊరుకున్నాను. చేన్లోకి చెప్పులతో దిగేవాడు కాదు, గట్టు మీదే విడిచేవాడు. సాలుకూ సాలుకూ నడుమ మూడు అడుగులంటే మా చేన్లో ఆయన అడుగులే. పక్క చేను వాళ్లు కూడా వచ్చి, "అన్నా, జెర అడుగులేసి చెప్పు" అనేవాళ్లు.

దవాఖాన ఆయా గుడ్డలో చుట్టి తెచ్చి, "మీ మనిషి అడిగిండంట, తీస్కపో" అన్నది. మా ఆడపడుచు కొడుకును ఆయన దగ్గర కూర్చోబెట్టి నేను బయలుదేరాను. సంచిలో పట్టాలి, బస్సులో ఎవరికీ తెలియకూడదు. మట్టిలోకి పోయేదానికి కొత్త బట్ట ఎందుకని నా పాత చీర కొంగు చింపాను. ఉప్పు, పసుపు బాగా పోశాను. వేళ్లు పైకి పొడుచుకు వస్తున్నాయి. వాటిని కిందికి వంచి సుతిలి తాడుతో బిగించి కట్టాను. మూడు ముడులు.

మూట ఒడిలో పెట్టుకుని బస్సులో కూర్చుంటే పక్కనున్న ఆమె ముక్కు ఎగబీల్చింది.

"పసుపా అక్కా?"

"అవు."

"కమ్మర్‌పల్లిదా? వాసన మంచిగొస్తుంది. కొమ్ములా, పొడా?"

"కొమ్ములు" అన్నాను.

బోధన్ దాకా ఆమె పసుపు గురించే మాట్లాడింది. నేను ఊ కొట్టాను. మూట బరువు తొడల మీద తెలుస్తూనే ఉంది. ఇరవై ఏళ్లు నా పక్కన పడుకున్న కాలు అది. నిద్రలో నా మీద పడితే నెట్టేసిన కాలు.

వస్తున్నానని ముందే కబురు పంపాను. బస్సు దిగేసరికి ఆడపడుచు గడ్డపార పట్టుకుని నిలబడి ఉంది.

"చేన్ల వద్దు పిల్లా" అన్నది. "మనిషిల సగం తిన్న మన్ను తక్కిన సగం గూడ పిలుస్తది. ఊకోదు."

"ఆయన చేన్లనే పెట్టుమన్నడు."

"ఆయనకేం, పండుకున్నడు. రేపు ముండమోసేది నువ్వా, ఆయనా?"

భయపడ్డాను. ఆ భయానికి తోడు, దాని మీద పండిన చెరకు ఎట్లా తింటామన్న రోత కూడా ఉంది. కాలువ గట్టు పక్కన ఎవరిదీ కాని జాగాలో మూరెడు గొయ్యి తవ్వాం. ఆయన కాలు మూరెడు కంటే పొడుగు. ఏటవాలుగా దించి, మడమను తోసి, మన్ను కప్పాం.

నేను మూడో తరగతి దాకానే చదివాను. పెద్ద సంగతులు చెప్పే తెలివి లేదు. అయినా ఆ ఇరవై రోజులూ పొయ్యి ముందు కూర్చుంటే అదే ఆలోచన. వెంట్రుకలు రాలితే చుట్టి పారేస్తాం. గోళ్లు తీసి చూరులో చెక్కుతాం. బిడ్డ పుట్టినప్పుడు పడిన మాయను మాత్రం ఇంటి వెనకే పాతుతాం, పరాయి జాగాలో పెట్టం. అంటే మనిషిలో ఏది మనిషి, ఏది కాదు? కాలు పోయినా ఆయన ఆయనే. గొంతు అదే, కోపం అదే. మరి ఆ గట్టున పాతింది ఎవరిని? చేను పండించింది తిని పెరిగిన మాంసం అది. చేనుకు ఇవ్వమంటే నేను ఇవ్వలేదు. చెమట ఇస్తే తీసుకున్న చేను కాలు ఇస్తే కాటేస్తుందా? అడగడానికి ఎవరూ లేరు. అడిగితే అబద్ధం బయటపడుతుంది.

ఆ సాయంత్రం ఆయన ఊరుకోలేదు.

"చెరకు ముక్క నాటేటప్పుడు ఎట్ల పెడ్తమే? మొలకొచ్చే కన్ను పక్కకు రావాలె, సాలుల సాపుగ పండవెడ్తం. ముడిసి కుక్కుతమా?"

"కుక్కితె ఏమైతది?"

"వంకర వస్తది."

"నీ కాలేమన్న చెరకా, మొలుస్తందుకు?"

ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. కటువుగా మాట్లాడడం నాకు ముందు నుంచీ అలవాటే, దాంతోనే ఇల్లు నడిపాను. కాని ఈ మాటకు చేటలో బియ్యం చప్పుడు ఆగిపోయింది. ఆయన చెయ్యి మోకాలి దాకా పోయి, అక్కడి నుంచి ఇంకా కిందికి పోయి, ఏమీ లేని చోట గోకబోయి ఆగింది.

ఆ చెయ్యి వెనక్కి తీసుకుని అన్నాడు.

"మొలవదు. ఎరికే. మొలవకుంటె మాయె. జాపుకొని పండుకోనియ్యరాదె దాన్ని."

నేను లేచి పొయ్యి దగ్గరికి పోయాను. రొట్టెలు చేశాను. ఆయన తినలేదు.

తెల్లారి ఆయన కన్ను తెరవక ముందే పెట్టె తీశాను. పండుగకని దాచిన కొత్త ధోతి ఉంది. నడిమికి చింపాను. ఒక సగం ఆయన కట్లకు పనికొస్తుందని మడిచి లోపల పెట్టాను, రెండో సగం చంకలో పెట్టుకున్నాను. గడ్డపార కోసం చూస్తే ఆడపడుచు చేతిలో ఉంది. ఏమీ అనకుండా నా ముందు నడిచింది.

కాలువకు నీళ్లు వదిలి వారమయింది. గట్టు ఊరి ఆ జాగా అంతా చిత్తడిగా ఉంది. గడ్డపార వెయ్యగానే గొయ్యిలో నీళ్లు నిండాయి. చేతులతో తీశాను. ముఖం పక్కకు తిప్పుకుని మూడు ముడులూ వెంట తెచ్చిన కొడవలితో కోశాను. ధోతి ముక్కలో వదులుగా చుట్టాను.

చేన్లో కొట్టిన చెరకు మోళ్ల పక్కన అక్కడక్కడ పిలకలు లేస్తున్నాయి. మూడో సాలు మొదట్లో నిడుపాటి గొయ్యి తవ్వాం. మన్ను పొడిగా ఉంది. సాపుగా పండబెట్టి కప్పాం. ఆడపడుచు చేతులు జోడించింది. నేను జోడించలేదు. కూర్చుని ఏడ్చాను.

ఇంటికి వచ్చేసరికి ఆయన లేచి గోడకు ఆనుకుని ఉన్నాడు. నా కాళ్లకు అంటిన కాలువ బురద చూశాడు.

"ఏడ ఉండె?"

"కాలువ గట్టు పొంటి."



"ఇప్పుడో?"

"చేన్ల. మూడో సాలు మొదట్ల. సాపుగ."

"వేళ్లు?"

"తాడు కోసేసిన."

నొప్పి తగ్గిందా అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. "కాళ్లు కడుక్కపో" అన్నాడు. చెంబుతో నీళ్లు ముంచుకుని వాకిట్లో నిలబడి రెండు కాళ్లూ కడుక్కున్నాను.