బత్తాయి గోడ కింద ఎవరి పేరు?

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద నిరుడంతా ఒక హోర్డింగు ఉండేది. సగానికి కోసిన బత్తాయిలు, పొద్దుపొడుపుల్లా వరసగా పేర్చినవి. అన్నిట్లో ఒకే ఒక్క కాయకు పచ్చటి ఆకు. అది ఒక ఆర్ట్ కాలేజీ ప్రకటన. బొమ్మ గీసింది ఆ కాలేజీలోనే చదువుతున్న స్వప్న. గీసినప్పుడు కుడివైపు కింది మూలన తన పేరు రాసుకుంది. హోర్డింగు మీదికి ఎక్కేసరికి ఆ మూలలో అడ్మిషన్ల ఫోన్ నంబరు వచ్చి కూర్చుంది.

స్వప్న ఎవరినీ అడగలేదు. బడంగ్‌పేట్ నుంచి రోజూ వచ్చే బస్సు ఆ హోర్డింగు దగ్గరికి రాగానే ఫోన్‌లోకి తల దించుకునేది, అంతే.

వాళ్ల నాయిన లింగస్వామి నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి, ఇక్కడి కోచింగ్ సెంటర్లకు బోర్డులు రాసి బతికినవాడు. ఏ బోర్డు రాసినా కింది మూలన చిన్నగా ‘స్వామి ఆర్ట్స్’ అని పడాల్సిందే. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు పోయాయి, ఇప్పుడు ఇళ్లకు రంగులేస్తున్నాడు. చూపు మాత్రం మారలేదు. కూతురి బొమ్మ చూడ్డానికని ఒకరోజు హోర్డింగు కింద స్కూటర్ ఆపి, ముందు మూలనే చూశాడు.

“నీ పేరేడ ఏసిన్రు బిడ్డా?”

“కంప్యూటర్ల ఉంటది నాయినా. బయటికి కనపడది.”

“కనపడని పేరు దేనికే?” అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ ఆకు సంగతి కూడా చెప్పాలి. తల్లి లచ్చమ్మ ఏళ్ల తరబడి గడ్డిఅన్నారం మార్కెట్‌లో బత్తాయిలు ఏరేది. గుట్ట పోశాక పైన ఒక్క కాయను ఆకుతో సహా నిలబెట్టేది. “గా ఆకు జూస్తే కాయ తాజాదని మనిషి నమ్ముతడు” అనేది. మార్కెట్ అక్కడినుంచి తరలిపోయాక ఆమె పని పోయింది. ఆకు మాత్రం కూతురి బొమ్మలోకి వచ్చి చేరింది.

ఇంతకాలం ఒక హాస్టల్ పైన కిరాయి అంతస్తుల్లో నడిచిన ఆ కాలేజీకి ఈ ఏడు ఎల్బీనగర్ దాటాక సొంత భవనం లేచింది. ప్రారంభానికి ముందు పిల్లలందరినీ బస్సుల్లో తీసుకెళ్లారు. గేటు దగ్గర ఆఫీసు వ్యవహారాలు చూసే చక్రపాణి ఎదురొచ్చాడు. విజయవాడ వైపు మనిషి, మాట మెత్తన.

“అంతా తిరగండమ్మా. మెట్లు చూడండి, వెలుతురు చూడండి. కాంటీన్‌కి, కారిడార్లకి మీకేం తోస్తే అది గీసివ్వండి, పోటీలో గెలిచినవి గోడలెక్కుతాయి. ఇది మీ బిల్డింగు! షీట్ల మీద పేర్లు మాత్రం రాయొద్దు. వెనకాల నంబరు స్టిక్కర్ వేస్తాం. పేరు చూస్తే జడ్జీలకి పక్షపాతం వస్తుంది కదా.”

అందరూ చప్పట్లు కొట్టారు. స్వప్న కొట్టలేదు.

“జడ్జీలెవరు సార్?”

“పెద్దవాళ్లే వస్తార్లేమ్మా.”

ఆ ‘వస్తార్లే’ దగ్గరే ఆమెకు కాలిలో ముల్లు గుచ్చుకున్నట్టయింది. స్నేహితురాలు అలేఖ్యతో కలిసి లోపల తిరిగినంత సేపూ అది గుచ్చుతూనే ఉంది. తలుపు పిడులకు ఇంకా ప్లాస్టిక్ కవర్లు ఉన్నాయి. రంగు వాసన ముక్కుపుటాలను మండిస్తోంది. కాంటీన్ గోడ తెల్లగా, ఖాళీగా ఉంది. దాని ఎదురుగా కప్పుకు మాత్రం లైట్లు అప్పుడే బిగించి ఉన్నాయి.

“బొమ్మ లేదు గని, బొమ్మ మీద పడే లైట్లు ఒచ్చినయ్. ఏం బొమ్మ ఏసేదో వీళ్లకు ముందే ఎరుకనా ఏంది?”

“అబ్బా, నీకు ప్రతిదానికీ అనుమానమేనే,” అంది అలేఖ్య. “రేపు పెళ్లిలో తాళి కూడా బంగారమో కాదో గీకి చూసేట్టున్నావు.”

“చూస్తా. ఎందుకు చూడొద్దు?”

ఇద్దరూ పై అంతస్తు వరండాలోకి వచ్చారు. గ్రిల్లు నీడ ఎండతో కలిసి నేలంతా పరుచుకుని ఉంది, పండ్ల గంప అల్లికలాగా. స్వప్న అక్కడే కింద కూలబడి గీయడం మొదలుపెట్టింది. అల్లిక గోడ మీదికి ఎక్కి, కారిడార్ పొడవునా సాగి, మెట్ల దగ్గర విప్పుకునేట్టు. గీస్తున్నంత సేపూ అనుమానం గుర్తు రాలేదు. షీటు పూర్తయి, స్టిక్కర్ కోసం కిందికి దిగుతుంటే మళ్లీ పట్టుకుంది.

ముందు హాల్లో ఒక గోడకు నేల దాకా ఆకుపచ్చ గుడ్డ కప్పి ఉంది. స్వప్న అంచు పట్టుకుంది.

“వద్దే, ఎవరైనా చూస్తే?” అలేఖ్య చెయ్యి లాగింది.

గుడ్డ లేచింది. పింగాణీ పలకల మీద సగం కోసిన బత్తాయిలు. అన్నిట్లో ఒకే ఒక్క కాయకు ఆకు. కింద ఇత్తడి ఫలకం: ‘రూపకల్పన: కాలేజీ క్రియేటివ్ సెల్’.

“క్రియేటివ్ సెల్ అంటే ఎవరే?” అలేఖ్య గొంతు చిన్నబోయింది.

“నాకేం ఎరుక? నేనెన్నడు వాళ్ల మొఖం చూడలే.”

చక్రపాణి గబగబా వచ్చాడు. కోప్పడలేదు, నవ్వాడు. “చూసేశావా? నీ బొమ్మ ఇంత పెద్ద గోడెక్కింది. సంతోషపడాలమ్మా.”

“సంతోషమే సార్. పేరే ఎక్కలే.”

“కాలేజీలో గీసింది కాలేజీదే కదా.”

“గట్లని యాడ రాసుంది?”

“అన్నీ రాసి ఉండవమ్మా. పైవాళ్లతో పెట్టుకోకు, నీ మంచికే చెప్తున్నా. షీటివ్వు, స్టిక్కర్ వేస్తాను.”

నిరుడైతే ఇచ్చేసేదే. ఈసారి షీటును మెట్టు మీద పరిచి, కుడివైపు కింది మూలన నల్ల ఇంకుతో ‘స్వప్న, బడంగ్‌పేట్’ అని రాసి చేతికిచ్చింది. చక్రపాణి నవ్వు పోయింది. పేరున్న షీటు తీసుకోనని వెనక్కిచ్చాడు. అలేఖ్య కాసేపు గోళ్లు కొరికి, పెన్ను అడిగి తీసుకుని తన మూలనా పేరు రాసింది. దానికీ అదే గతి. మిగతావాళ్లలో చాలామంది తల దించుకుని స్టిక్కర్లు వేయించుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. నిరుడు స్వప్న దించుకున్నదీ అదే తల.

ఇంటికొచ్చి షీటు పరిస్తే లింగస్వామి కళ్లద్దాలు పెట్టుకుని ముందు మూలనే చూశాడు.

“అచ్చరాలు జర పెద్దగైనయ్ బిడ్డా.”

“కనపడాలె గద నాయినా!”

ఆ ఫలకం ఇంకా అక్కడే ఉంది. త్వరలో ప్రారంభోత్సవం చేసి, తల్లిదండ్రులనూ ఊరివాళ్లనూ పిలిచి ఆ గోడ చూపిస్తారు. ఇలాంటి పిలుపు మీకూ ఎక్కడినుంచో వస్తుంది. వెళ్లండి. ఆ మెరిసే గోడ ముందు నిలబడి ఫోటో దిగేముందు కింది మూల చూడండి. అక్కడ పేరు లేకపోతే, మిమ్మల్ని పిలిచినవాళ్లను అందరూ వినేట్టు అడగండి: “దీన్ని గీసిన పిల్ల ఎవరు?” జవాబు వచ్చేదాకా అక్కడినుంచి కదలకండి.