ఓదెలు కప్పు మీద పరాయి మేస్త్రీ

జూబ్లీహిల్స్‌లో మబ్బు పడితే ఉరుము కంటే ముందు ఓదెలు ఫోన్ మోగుతుందని మా రహమత్ నగర్ గల్లీలో ఒక మాట ఉంది. ఓదెలు దాన్ని కాదనడు. ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్ ఫ్లోర్ మీద రేకు లేచిపోయినా, పెద్దవాళ్ల కార్ల షెడ్డు కురిసినా అందరికీ గుర్తొచ్చే పేరు అతనిదే. యాభై దాటినా పిట్టగోడ పట్టుకుని పిల్లిలా ఎక్కుతాడు. సిమెంటు రేకు మీద ఎక్కడ అడుగేస్తే పగలదో అతని పాదానికి తెలుసు. ఏ ఇంటికి పోయినా ముందు లోపలికి వెళ్లి, తలుపులు మూయించి, లైట్లు ఆర్పించి తలెత్తి చూస్తాడు. "చుక్క పడ్డ కాడ బొక్క ఉండదమ్మా. నీళ్లు పైపెంబడి నడిచొస్తయ్. వెలుగు యాడికెళ్లి వస్తుందో గాడ సూడాలె" అంటాడు. ఆ మాటకు మేడల వాళ్లు తలలూపుతారు.

అతని ఇంటికీ నా కిరాయి గదికీ మధ్య ఒకటే గోడ. వాన పడిన రోజు ఆ గోడ అవతల గిన్నెల్లో చుక్కలు పడే చప్పుడుకి నేను పుస్తకంలో ఒక్క పేజీ కూడా దాటలేను.

ఆ ఇంటి కప్పు గురించి చెప్పాలి. ఇల్లు కట్టుకున్నప్పుడు ఓదెలు ఒక్క కొత్త రేకు కూడా వేయలేదు. ఊరందరి ఇళ్ల మీద నుంచి తీసేసినవే తెచ్చి పరిచాడు. "గిది డాక్టర్ సాబ్ షెడ్డుది. గది డబ్బింగ్ థియేటర్ క్యాంటీన్‌ది. గీ మూలకున్నది లీలాకుమారి మేడం కుక్కల రూముది" అని, పోటీల్లో గెలిచిన కప్పులు చూపించినట్టు వేలెత్తి చూపిస్తాడు. పాత రేకుకు పాత హుక్కుల బొక్కలుంటాయి. కొత్త ఇంట్లో రేకుల కింది పైపుల దూరం వేరు కాబట్టి మళ్లీ కొత్త బొక్కలు పొడవాలి, పాతవి అలాగే నోరు తెరుచుకుని ఉంటాయి. కుక్కల మీద కురుస్తోందని పాత కస్టమరైన ఆ మేడం తీయించేసిన రేకు ఓదెలు భార్య నెత్తిన సరిపోయింది. ఆ బొక్కల మీద ఓదెలు ఒక సినిమా ఫ్లెక్సీ కప్పి ఇటుకలు పెట్టాడు. ఆడని సినిమా అది. ఎండకు ముందు హీరో మొహం పోయింది, తర్వాత ఫ్లెక్సీయే పోయింది.

బాలమణి ఓదెలు భార్య. మగ్గం పని చేస్తుంది. గుడ్డను నాలుగు కర్రల చట్రానికి బిగించి, కొక్కెం సూదితో జరీ, పూసలు కుడుతుంది. ఇన్నేళ్లూ మధురానగర్‌లో ఒక షాపు వాళ్ల కింద కుట్టింది. ఈ జూలైలో మొదటిసారి ఒక సినిమా కాస్ట్యూమ్ డిజైనర్ నేరుగా ఆమెకే పని ఇచ్చింది. పెళ్లి పాటలో హీరోయిన్ కట్టే పట్టు లంగా. చట్రం ఉన్న ఒక్క గదినీ ఆక్రమించింది. లోపలే బిగించారు కాబట్టి తలుపులోంచి బయటికి రాదు. కట్లు విప్పితే సగం కుట్టిన పని వదులై పోతుంది. పట్టు మీద ఒక్క చుక్క పడితే మరక, జరీ మీద పడితే నలుపు. అది పాడైతే ఆ డిజైనర్ మళ్లీ ఈ గల్లీ మొహం చూడదు.

ఆ రోజు పొద్దున గోడ అవతల మాటలు నాకు స్పష్టంగా వినిపించాయి.

"ఇయ్యాల నువ్వు యాడికి పోకు. కప్పు సూడు."

"రేపు సూస్త తియ్. ఇయ్యాల లీలాకుమారి మేడం కారు షెడ్డు ఇప్పాలె. మాపటికి గీ కొత్త రేకులు గాడికి పోవాలె."

ఆ కొత్త రేకులు, నీలం రంగువి, మూడు రోజులుగా వాళ్ల గోడకే ఆనించి ఉన్నాయి.

"నీ రేపు నా పెండ్లి నాటికెళ్లి వస్తనే ఉన్నది. ఇంకా రాలే."

"నిన్ననే తారుగుడ్డ పెట్టిన గదనే!"

"యాడ పెట్టినవ్? చుక్క పడ్డ కాడ పెట్టినవ్. చుక్క పడ్డ కాడ బొక్క ఉండదని లోకానికంత నువ్వే చెప్తవ్."

జవాబుగా బండి స్టార్టయిన చప్పుడు వచ్చింది.

కాసేపటికి బాలమణి ఫోన్ తీసి పోచయ్యను పిలిచింది. పోచయ్య కూడా రేకుల మేస్త్రీయే, యూసుఫ్‌గూడలో ఉంటాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నారు. ఇప్పుడు ఎదురుపడితే ఎత్తిపొడుపులే. ఈ పనివాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఒక మేస్త్రీ వేసిన కప్పు మీద ఇంకొకడు చెప్పకుండా కాలు పెట్టడు. అలాంటిది మేస్త్రీ సొంతింటి మీదికే పరాయి మేస్త్రీని పిలవడమంటే, మేస్త్రీలు పని కోసం చేరే అడ్డా మీద నలుగురిలో అతని తలపాగా ఊడదీసినట్టే. బాలమణికి ఇదంతా తెలుసు. తెలిసే చేసింది.

పోచయ్య వచ్చి గుమ్మంలో నసిగాడు. "వొదినె, ఓదెలు ఉండంగ నేనెట్ల ఎక్కుత?"

"ఓదెలు ఉన్నడా? యాడ? నాకైతే కనబడ్తలేడు. ఫోన్ చేసినోళ్ల ఇంటికి పోవుడే గద మీ పని. చేసిన. ఎక్కు."

పోచయ్య నవ్వు దాచుకుంటూ లోపలికి వెళ్లి తలుపు మూయించాడు. తలెత్తి చూసి, "అబ్బో! పట్టపగలు సుక్కలు పొడిసినయ్ గద వొదినె" అన్నాడు.

"గిది కప్పు కాదు పోచయ్యా, నా డిజైన్ కాయితం" అంది బాలమణి. మగ్గం పనిలో కాగితానికి గీత వెంట సన్నగా బొక్కలు పొడిచి, వాటిలోంచి ముగ్గుపొడి రాల్చి గుడ్డ మీదికి బొమ్మ దింపుతారు. "పొడి బదులు నీళ్లు దిగుతున్నయ్, గంతే."

పోచయ్య పైకెక్కి, బొక్కలు మూసి మళ్లీ బిగిద్దామని సరిగ్గా మగ్గం మీదున్న రేకులు విప్పడం మొదలుపెట్టాడు. మొదటి హుక్కు ఊడేలోపే కబురు అడ్డాకు చేరింది. టీ కొట్టువాడు ఓదెలుకి ఫోన్ చేసి, "అన్నా, నీ ఇంటి మీద పోచయ్య ఉన్నడు. నువ్వు బతికే ఉన్నవా?" అని అడిగాడట. ఓదెలు అప్పటికే విప్పిన కారు షెడ్డు మీద ఒక ఫ్లెక్సీ కప్పి, బండి ఎగరేసుకుంటూ వచ్చాడు.

"దిగు బే" అన్నాడు కిందనుంచి.

"నీ ఇల్లు అనుకుంటున్నవా? కస్టమర్ బాలమణమ్మ. గామెను అడుగు" అన్నాడు పోచయ్య, చేతిలో పని ఆపకుండా.

బాలమణి గుమ్మంలోకి వచ్చింది. "పని నడుస్తుంటే కింద నిలవడి లొల్లి చెయ్యొద్దు. నువ్వే అంటవ్ గద కస్టమర్లతోని."

గల్లీలో నవ్వులు. ఓదెలు మొహం నల్లబడింది. అతని మొహంతో పాటు ఆకాశం కూడా. కృష్ణానగర్ వైపు నుంచి తడిగాలి వచ్చింది. పైనున్న పోచయ్య గొంతు మారింది.

"ఓదెలూ, మొగులు కమ్మింది. తీసిన రేకులు మల్ల పెట్టేతందుకు లేవు. హుక్కు తియ్యంగనే పలుగుతున్నయ్, బిస్కిట్ల లెక్క."

అన్నీ పెళుసెక్కిన పాతవి. ఇంకోసారి కదిపితే ఇంతే. మగ్గం మీద ఇప్పుడు కప్పే లేదు.

ఓదెలు గోడెక్కాడు. తన ఇంటిని పై నుంచి అతను అలా ఎప్పుడూ చూసి ఉండడు. కింద ఎర్రటి పట్టు, దాని మీద సగం పురివిప్పిన జరీ నెమళ్లు. వాటిని ప్లాస్టిక్ సంచులతో కప్పుతూ, సంచులు చాలక చేతులు చాచి మగ్గం మీదికి ఒంగిన బాలమణి వీపు. ఆమె పైకి చూడలేదు. బతిమాలలేదు.

"గా నీలం రేకులు..." అన్నాడు పోచయ్య.

"గవి మేడంవి."

"నీ ఇష్టం మల్ల."

మొదటి చుక్క బాలమణి వీపు మీద పడింది. రవిక మీద రూపాయంత మచ్చ. ఓదెలు దాన్నే చూస్తూ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత గల్లీలో నిలబడ్డ నా మీద అరిచాడు. "ఏందయ్యా సూస్తున్నవ్? రేకు అందియ్!"

అందించాను. ఆ తర్వాత పైనున్న ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఒకడు పట్టుకుంటే ఒకడు బిగించాడు. ఒకడు చెయ్యి చాచకముందే రెండోవాడు స్క్రూ అందించాడు. గురువు నేర్పిన లయ ఎత్తిపొడుపుల కింద అలాగే ఉంది. పెద్ద కారు కొలతకు కోయించిన రేకులు కాబట్టి ఇంటి కంటే పొడుగు. ముందువైపు గల్లీ మీదికి చూరులా దిగాయి. ఆఖరి స్క్రూ దిగుతుండగా వాన కుండపోతగా మొదలైంది. ఇద్దరూ తడిసి ముద్దై ఆ చూరు కిందికే దూకారు. నేనూ అక్కడే నిలబడ్డాను.

ఓదెలు ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాడు, చేతులు తడిసి ఉన్నాయి మరి.

"ఓదెలూ, ఏంటయ్యా ఇది? వాన దంచుతోంది. నా షెడ్డు మీద ఎవరిదో సినిమా బ్యానర్ ఉంది. రేకులేవీ?"

ఓదెలు తలెత్తి నీలం రేకుల వైపు చూశాడు. "రేపొస్త మేడం."

"రేపా? నువ్వెప్పుడూ ఆ మాట అనవే!"

లోపల్నుంచి బాలమణి పకపకా నవ్వింది. "నాతోని అంటడు మేడం, నాతోని!"

"మా ఇల్లు ఉరుస్తుంది మేడం" అన్నాడు ఓదెలు. "మీ రేకులు మా మీదికెక్కినయ్. రేపు కొత్తయి తెచ్చి నేనే ఏస్త. ఇయ్యాలటికి కారు పోర్టికోల పెట్టుండ్రి."

"నీ ఇల్లు కురవడమేంటయ్యా?" అంది లీలాకుమారి. ఎగతాళి కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్లలో అతనికి ఒక ఇల్లుంటుందని ఆవిడకు తట్టనేలేదు. అతనికి తట్టిందా అంటే, అదీ ఇవాళే.

ఓదెలు ఫోన్ జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లాడు. ఏ ఇంట్లోనైనా చేసినట్టే తలుపు మూశాడు, లైటు ఆర్పాడు. తలెత్తి నిలబడ్డాడు. కటిక చీకటి. పైన వాన దరువు తప్ప ఎక్కడా చుక్కంత వెలుగు లేదు. అతను అలాగే నిలబడిపోయాడు.

"సూసింది సాలు గని లైటెయ్" అంది చీకట్లోంచి బాలమణి. "నాకు పనున్నది."